సికిల్ సెల్ మార్పును డీఎన్ఏలో పట్టుకోవడం ఎలా

బరంపురంలోని మా ల్యాబ్‌కు గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు) పరీక్షకు నమూనాలు వస్తుంటాయి. కొత్తగా చేరినవారికి నేను మొదట నేర్పేది ట్యూబు మూత రంగు చూడటం. రక్తం ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులోనే తీయించండి. ఆకుపచ్చ మూత ట్యూబులోని హెపారిన్, డీఎన్ఏ ముక్కకు అనేక నకళ్లు తీసే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. బస్సులో పంపేటప్పుడు ట్యూబును ఐసుకు ఆనించకుండా మధ్యలో గుడ్డ చుట్టండి. రక్తం చలికి ఐసులా గడ్డకట్టకూడదు.

మనం వెతికేది ఒకే ఒక్క అక్షరం. 11వ క్రోమోజోమ్‌పై బీటా గ్లోబిన్ (హిమోగ్లోబిన్‌లో ఒక భాగం) జన్యువులో జీఏజీ అనే మూడక్షరాలు ఉండాల్సిన చోట జీటీజీ ఉంటే ఆ ప్రొటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరుతుంది. జబ్బుకు మూలం అదే.

ఎర్ర కణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి డీఎన్ఏ తెల్ల కణాల నుంచి తీయాలి. ఎర్ర కణాలను పగలగొట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున మిగిలిన ముద్దను, ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటీనేజ్-కెతో 56 డిగ్రీల వద్ద ఉంచండి. గాఢమైన ఉప్పు ద్రావణం ప్రొటీన్లను అడుగుకు దించుతుంది. పైతేటను వేరే ట్యూబులోకి తీసి, చల్లటి ఇథనాల్ పోసి మెల్లగా తలకిందులు చేస్తే సన్నటి తెల్లని పోగులు కనిపిస్తాయి. గట్టిగా కుదిపితే అవి తెగిపోతాయి.

పీసీఆర్‌లో 95 డిగ్రీల వద్ద పోగులు విడిపోతాయి, 60 దరిదాపుల్లో ప్రైమర్లు (కావాల్సిన ముక్క రెండు చివరలను గుర్తించే చిన్న డీఎన్ఏ తునకలు) అతుక్కుంటాయి, 72 వద్ద కొత్త పోగు పెరుగుతుంది. 30 నుంచి 35 ఆవృత్తులు చాలు. తర్వాత డీఎన్ఏను ఒక నిర్దిష్ట అక్షర వరుస దగ్గర కోసే డీడీఈ-1 ఎంజైమ్ కలిపి 37 డిగ్రీల వద్ద ఉంచి, ముక్కలను పొడవును బట్టి వేరుచేసే అగరోజ్ జెల్‌పై నడపండి. డీఎన్ఏ కనిపించేలా ఇథిడియం బ్రోమైడ్ రంగు వాడితే చేతి తొడుగులు తప్పనిసరి.

ఇక అసలు జాగ్రత్త చదవడంలోనే ఉంది. ఈ ఎంజైమ్ మామూలు జన్యువును ఆ చోట కోస్తుంది, మార్పు ఉన్నదాన్ని వదిలేస్తుంది. మామూలు జన్యువును ఏ అని, మార్పు ఉన్నదాన్ని ఎస్ అని రాస్తాం. అంతా తెగితే ఏఏ, ఆ చోట అసలు తెగకపోతే ఎస్ఎస్, తెగినదీ తెగనిదీ రెండూ కనిపిస్తే ఏఎస్, అంటే వాహకులు. అయితే ఎంజైమ్ సత్తువ తగ్గి కోత సగంలో ఆగినా ఏఎస్ లాగే కనిపిస్తుంది! పెళ్లి సంబంధం చూస్తున్న అమ్మాయికి అలాంటి కాగితం ఇచ్చామంటే ఎంత అన్యాయం! అందుకే ఫలితం ముందే తెలిసిన ఏఏ, ఏఎస్, ఎస్ఎస్ నమూనాలను, డీఎన్ఏ కలపని ఖాళీ ట్యూబును ప్రతిసారీ పక్కనే నడపండి. ప్రైమర్లు ఎంచుకునేటప్పుడు, మార్పుతో సంబంధం లేకుండా ఎప్పుడూ తెగే మరో చోటు కూడా ఆ ముక్కలో ఉండేలా చూడండి. అక్కడా పూర్తిగా తెగలేదంటే ఆ జెల్‌ను పక్కన పెట్టి, కొత్త ఎంజైమ్‌తో మళ్లీ చేయాల్సిందే.

తలసీమియా అనే మరో వంశపారంపర్య రక్త జబ్బు ఈ పరీక్షలో బయటపడదు. కాబట్టి హిమోగ్లోబిన్ రకాలను కొలిచే హెచ్‌పీఎల్‌సీ ఫలితంతో పోల్చి చూడండి. ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నారా అని ముందే అడగండి, దాత రక్తం హెచ్‌పీఎల్‌సీ లెక్కను తారుమారు చేస్తుంది. ఏఎస్ అని తేలితే, అది జబ్బు కాదని ఇంటివాళ్లకు తెలుగులోనో ఒడియాలోనో కూర్చోబెట్టి చెప్పండి. పెళ్లయినవారైతే భాగస్వామి నమూనా కూడా తెప్పించండి. ఇద్దరూ ఏఎస్ అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.