కాంపోజిట్ సిలిండర్‌కి వాడే రెసిన్ సర్టిఫికెట్ సరిచూసుకోవడం ఎలా?

సీఎన్‌జీ బండ్లకీ వంటగ్యాస్‌కీ వస్తున్న తేలికపాటి కాంపోజిట్ (ఫైబర్ పోగుల్ని రెసిన్ అనే జిగురుతో కలిపి చుట్టి చేసిన) సిలిండర్లలో ఒత్తిడిని మోసేది ప్రధానంగా ఫైబరే, కానీ ఆ పోగుల్ని కదలకుండా పట్టుకుని ఒకదాని మీది భారాన్ని పక్కదానికి అందించేది రెసిన్. స్టీలు మన దగ్గరికి వచ్చేసరికే దాని బలం తేలిపోయి ఉంటుంది. రెసిన్ అలా కాదు, డ్రమ్ములో ద్రవంగా వస్తుంది, దాని అసలు బలం మన షెడ్డులో, మన ఓవెన్‌లో తయారవుతుంది. అందుకే సప్లయర్ ఇచ్చే కాగితం ఒక్కటే సరిపోదు.

1. ముందు ఏ కోడ్ (తయారీ ప్రమాణం) కింద చేస్తున్నారో తేల్చుకోండి. ఒకచోట బిగించి ఉంచే ఫైబర్ ప్లాస్టిక్ వెసెల్ (ఒత్తిడి తట్టుకునే ట్యాంకు) అయితే ఏఎస్‌ఎంఈ సెక్షన్ 10, వాహనాల సీఎన్‌జీ సిలిండర్ అయితే ఐఎస్‌ఓ 11439, మళ్లీ మళ్లీ నింపుకునే మామూలు గ్యాస్ సిలిండర్లకి ఐఎస్‌ఓ 11119 వరుస. మన దేశంలో వాడే గ్యాస్ సిలిండర్‌కి 2016 గ్యాస్ సిలిండర్స్ రూల్స్ ప్రకారం నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) అనుమతి కూడా కావాలి. కోడ్ పేరు, ఎడిషన్ సంవత్సరం పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయండి.

2. టెక్నికల్ డేటా షీట్ చూపించి ఇదే సర్టిఫికెట్ అంటే ఒప్పుకోకండి. అందులో ఉండేవి ఆ గ్రేడ్‌కి సాధారణంగా వచ్చే విలువలు, మీ డ్రమ్ములో ఉన్న సరుకువి కావు. మీకు కావాల్సింది ఆ లాట్‌ని (ఒకే విడతలో తయారైన సరుకుని) పరీక్షించి ఇచ్చిన రిపోర్టు. ఈఎన్ 10204 నిజానికి లోహాల కోసం రాసిన ప్రమాణమే అయినా, అందులోని 3.1 రకం సర్టిఫికెట్‌ని రెసిన్‌కి కూడా అడుగుతుంటారు, ఎందుకంటే దాని మీద సంతకం చేసే తనిఖీ అధికారి ఉత్పత్తి విభాగానికి చెందినవాడు కాకూడదు. రెసిన్ ఎపాక్సీ రకం అయితే లాట్ నంబరు, తయారీ తేదీ, గడువు, స్నిగ్ధత (చిక్కదనం), ఎపాక్సీ ఈక్వివలెంట్ వెయిట్ (ఎంత హార్డెనర్ కలపాలో లెక్కకట్టే విలువ), ఏ పద్ధతిలో కొలిచారో (ఉదాహరణకి ఏఎస్‌టీఎం డీ1652) ఉండాలి. హార్డెనర్‌కీ (రెసిన్‌ని గట్టిపరిచేది) యాక్సిలరేటర్‌కీ (ఆ గట్టిపడటాన్ని వేగం చేసేది) విడిగా సర్టిఫికెట్లు తీసుకోండి, చాలామంది వదిలేసేది ఇక్కడే.

3. కాగితం చేతిలో పట్టుకుని డ్రమ్ము దగ్గరికి వెళ్లండి. లేబుల్ మీది లాట్ నంబరు ఒక్క అంకె తేడా ఉన్నా సరుకు పక్కన పెట్టేయండి. తర్వాత ఈక్వివలెంట్ వెయిట్ చూడండి. హార్డెనర్ ఈక్వివలెంట్ వెయిట్ 60 అనుకుందాం, 60ని 100తో గుణించి రెసిన్ విలువతో భాగిస్తే 100 కిలోల రెసిన్‌కి ఎంత హార్డెనర్ కావాలో వస్తుంది. రెసిన్ 185 అయితే 32.4 కిలోలు, 192 అయితే 31.25 కిలోలు. రెండూ స్పెసిఫికేషన్ లోపలే ఉండొచ్చు, అయినా కిలోకి పైగా తేడా వచ్చింది కదా! పాత లాట్ నిష్పత్తి కళ్లు మూసుకుని కొనసాగిస్తే క్యూరింగ్ (రెసిన్ గట్టిపడటం) తేడా కొడుతుంది.

4. ఇప్పుడు మీ వంతు. ప్రతి లాట్ నుంచి కొంచెం తీసి స్నిగ్ధత, జెల్ టైమ్ (కలిపాక చిక్కబడి గడ్డకట్టడానికి పట్టే సమయం) చూసుకోండి. మీరు సిలిండర్‌కి వాడే అదే ఓవెన్ షెడ్యూల్‌లో చిన్న ముక్క క్యూర్ చేసి, డీఎస్‌సీ అనే వేడి కొలిచే పరికరంతో గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత (గట్టిపడిన రెసిన్ మెత్తబడటం మొదలయ్యే వేడి) కొలవండి, ఎందుకంటే ఎండలో నిలబెట్టిన బండిలోని సిలిండర్ ఎంత వేడెక్కినా రెసిన్ మెత్తబడకూడదు. ఐఎస్‌ఓ 11439 అయితే ఫైబర్‌తో చేసిన నమూనాని 24 గంటలు నీళ్లలో మరిగించాక కూడా షియర్ బలం (పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా ఆపే బలం) కనీసం 13.8 మెగాపాస్కల్స్ ఉండాలంటుంది. ఫైబర్‌కీ రెసిన్‌కీ మధ్య పట్టు ఎంత గట్టిదో నాకు తెలిసి ఇంత నిక్కచ్చిగా బయటపెట్టే పరీక్ష మరొకటి లేదు, ఖర్చవుతుందని దీన్ని మాత్రం తప్పించుకోకండి. పూర్తయిన వెసెల్ మీద బార్‌కాల్ హార్డ్‌నెస్ (సూది గుచ్చి చూసే గట్టిదనం) కూడా కొలిచి సప్లయర్ చెప్పిన విలువతో పోల్చండి.

5. నిల్వ సంగతి. సప్లయర్ చెప్పిన ఉష్ణోగ్రతలోనే ఉంచాలి, మూతలు బిగించాలి. ముఖ్యంగా యాన్‌హైడ్రైడ్ రకం హార్డెనర్ గాల్లోని తేమ పీల్చుకుని పాడవుతుంది, వానాకాలంలో తెరిచి వదిలేసిన డ్రమ్ముకి పాత సర్టిఫికెట్ ఏ హామీ ఇవ్వదు.

6. ఏ సీరియల్ నంబరు సిలిండర్‌లోకి ఏ రెసిన్ లాట్, ఏ హార్డెనర్ లాట్ వెళ్లాయో రిజిస్టర్‌లో రాసి, ఓవెన్ చార్టు దానికే జతచేయండి. రెసిన్ ఫార్ములా మారిస్తే ముందే రాతపూర్వకంగా చెప్పాలని సప్లయర్‌తో ఒప్పందంలో పెట్టుకోండి. అలా మారిస్తే పాత అప్రూవల్ మీద ఉత్పత్తి కొనసాగించకుండా, ఏయే పరీక్షలు మళ్లీ చేయాలో ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీని అడిగి, అవి అయ్యాకే కొత్త డ్రమ్ము తెరవండి.