కీల్డర్ అడవిలో గుర్రపు స్వారీ: మ్యాప్‌లో కలిసిన దారి నేల మీద ఎందుకు కలవదు?

వేసవి వచ్చిందంటే నాకు ఒకటే ఫోన్. "అన్నా, మ్యాప్‌లో దారి ఉంది, తీరా వెళ్తే లేదు." అదీ రాత్రికే వస్తుంది, అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి.

ఉత్తర ఇంగ్లండ్‌లోని కీల్డర్ దాదాపు 650 చదరపు కిలోమీటర్ల అడవి. 1926 నుంచి కలప కోసమే నాటుతూ వచ్చారు, ఎక్కువగా సిట్కా స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు. ఇప్పటికీ ఒకవైపు కొడుతుంటారు, ఇంకోవైపు నాటుతుంటారు. పొలం అనుకోండి, కాకపోతే పంట చేతికి రావడానికి నలభై యాభై ఏళ్ళు పడుతుంది. జీను బిగించడం, గుర్రాన్ని ట్రైలర్ ఎక్కించడం మీకు వచ్చనుకునే ఇది రాస్తున్నాను.

సమస్య: బయలుదేరిన అరగంటకే "చెట్లు కొడుతున్నారు, ప్రవేశం లేదు" బోర్డు

కారణం ఒక్కటే, మీరు ముందు అడగలేదు. ఎన్నిసార్లు చెప్పినా వదిలేసే పని ఇదే. రెండు రోజుల ముందు ఈ అడవిని చూసుకునే ప్రభుత్వ సంస్థ ఫారెస్ట్రీ ఇంగ్లండ్ వెబ్‌సైట్ చూడండి, తర్వాత అక్కడి ఆఫీసుకు ఫోన్ చేయండి. ఏ వైపు కొడుతున్నారు, దుంగల లారీలు ఏ రోడ్డు మీద తిరుగుతున్నాయి, మీరు అనుకున్న రోడ్డు మీదికి గుర్రాన్ని రానిస్తారా, ట్రైలర్ ఎక్కడ ఆపాలి, అన్నీ అడగండి. ఐదు నిమిషాల పని. ఆదివారం మిషన్లు ఆగి ఉన్నా బోర్డు దాటొద్దు, పేర్చిన దుంగలు దొర్లడానికి మిషన్ నడుస్తూ ఉండక్కర్లేదు.

సమస్య: లూప్ (చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చే దారి) పూర్తి కాలేదు, చీకటి పడుతోంది

నేను దెబ్బతిన్నది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

సెప్టెంబర్ చివర్లో ఒక ఆడగుర్రం మీద వెళ్ళాను. మ్యాప్‌లో రెండు అడవి రోడ్ల కొసలు ఎదురెదురుగా ఉన్నాయి, మధ్యలో ఖాళీ 300 మీటర్లు ఉంటుందేమో, చెట్ల మధ్య సన్నటి పట్టీ కూడా కనిపిస్తోంది. శాటిలైట్ ఫోటోలో చూస్తే చదునుగా, పచ్చగా ఉంది. పది నిమిషాల్లో దాటేస్తాం అనుకున్నాను. రోడ్డు చివర లారీ తిరిగే గుండ్రటి జాగా, పక్కన దుంగల గుట్ట, ఆ వెనక మోకాలెత్తు గడ్డి. నాలుగడుగులు వేసిందో లేదో ముందుకాలు గడ్డిలోంచి మోకాలి దాకా దిగిపోయింది. కాలు లాక్కుంది గానీ పక్క కాలు కూడా దిగింది. దిగి చూస్తే గడ్డి కింద వరసగా చాళ్ళు, వాటి నిండా నల్లటి నీళ్ళు. గుర్రం వణుకుతూ నిలబడింది. మెల్లగా వెనక్కి నడిపించి బయటికి తెచ్చేసరికి ఒక లాడం బురదలోనే ఉండిపోయింది. వచ్చిన 14 కిలోమీటర్లూ పగ్గాలు పట్టుకుని నడిపిస్తూ వెనక్కి వచ్చాను, చివరి గంట టార్చి వెలుగులో.

కారణం ఏమిటంటే, ఈ రోడ్లు కలపను బయటికి తేవడానికి వేసినవి. పెద్ద రోడ్డు నుంచి కొమ్మల్లా చీలి, లారీ తిరిగే చోట ఆగిపోతాయి, రెండు కొసల్ని కలపాల్సిన అవసరం ఎవరికీ లేదు. మొక్కలు నాటేముందు నీళ్ళు పోవడానికి నేలను లోతుగా దున్నారు, ఆ చాళ్ళు దశాబ్దాలైనా పూడవు. కొట్టేసిన చోట కొమ్మల చెత్త కాలికి అడ్డం. 2021 నవంబర్‌లో వచ్చిన ఆర్వెన్ తుఫానుకు ఇక్కడ చెట్లు కుప్పలుగా పడిపోయాయి, మీరు చూసే ఫోటో అంతకుముందుదైతే అవేవీ కనపడవు. చెట్ల మధ్య వదిలిన పట్టీని ఇక్కడివాళ్ళు "రైడ్" అంటారు, పేరు విని స్వారీ కోసం వదిలారనుకోకండి. బయటి నేలల్లో తిరగడానికి ఇంగ్లండ్‌లో 2000 నాటి చట్టం ఇచ్చే హక్కు కూడా మామూలుగా నడిచేవాళ్ళకే, గుర్రానికి వర్తించదు.

పరిష్కారం: బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఓఎల్42 కాగితం మ్యాప్ తీసుకుని, పెన్సిల్‌తో దారి మొత్తం గీయండి. పెన్సిల్ ఎక్కడా రోడ్డు గీత మీంచి గానీ, బ్రైడిల్‌వే (గుర్రపు స్వారీకి హక్కున్న బాట) చూపించే ఆకుపచ్చ పొడుగు గీతల మీంచి గానీ లేవకూడదు. వంద మీటర్ల ఖాళీ ఉన్నా అక్కడ దారి లేదనే లెక్క. అప్పుడు లూప్ వదిలేసి వెళ్ళిన దారినే వెనక్కి రండి. ఆ ఖాళీ మీద మరీ మనసుంటే ముందు వారం బూట్లు వేసుకుని మీరే నడిచి చూడండి. తిరిగొచ్చే టైమ్ కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్ళండి.

సమస్య: గంట తర్వాత గుర్రం అడుగులు కుదించి, గడ్డి అంచుకే లాగుతోంది

బద్ధకం అనుకుని మడమతో పొడవకండి. రోడ్డంతా కంకర. దిగి డెక్కలో రాయి ఇరుక్కుందేమో చూడండి. గడ్డి మీద బాగా నడిచి కంకర మీదే కుంటితే చాలావరకు అరికాలి నొప్పే, డెక్కకు బూట్లు వేయండి, దూరం తగ్గించండి. గడ్డి మీద కూడా కుంటితే ఇక ఎక్కొద్దు, నడిపించుకుని వచ్చి డాక్టర్‌కు చూపించండి.

సమస్య: టైమ్ లెక్క తప్పింది

అడవి మధ్యలోని కీల్డర్ సరస్సు చుట్టూ తిరిగే లేక్‌సైడ్ వే అనే బాట 42 కిలోమీటర్లు. నడకతో గంటకు ఆరు అనుకున్నా ఏడు గంటలు, గేట్లు, నీళ్ళు, విశ్రాంతి వేరే. మొదటిసారి వెళ్ళేవాళ్ళు అందులో ఒక ముక్క చాలనుకోండి.

దుంగల లారీ ఎదురైతే పక్కరోడ్డు మొదట్లోకి తప్పుకుని, చేయెత్తి డ్రైవర్‌కు కనపడండి, అది పూర్తిగా దాటాకే కదలండి. పాముల గురించి అడుగుతుంటారు, ఆడర్లు అనే విషపు పాములు ఉన్నాయి గానీ అలికిడికి అవే తప్పుకుంటాయి. వాటికంటే వేసవి సాయంత్రం గాలి ఆగినప్పుడు వచ్చే చిన్న దోమలతోనే ఎక్కువ బాధ, గుర్రం తల విదిలిస్తూనే ఉంటుంది. చెవులకు జాలీ ముసుగు ట్రైలర్ దగ్గరే తొడగండి.