జబ్బు చేయకముందే జీపీ దగ్గర పేరు రాయించుకోండి: ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చిన తెలుగువారికి

మన దగ్గర మోకాలు నొప్పెడితే నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తాం, ఒంటి మీద మచ్చ కనిపిస్తే స్కిన్ డాక్టరు దగ్గరికి. ఓపీ చీటీ తీసుకుంటే సాయంత్రానికల్లా రక్తపరీక్ష, స్కానింగ్, మందులు అన్నీ అయిపోతాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య వ్యవస్థ, ఎన్‌హెచ్‌ఎస్, అలా నడవదు. ప్రాణం మీదికి వచ్చిన సంగతి కాకపోతే ముందు జీపీ, అంటే మీ పేటలోని డాక్టరు, చూడాలి. స్పెషలిస్టు అవసరమని జీపీ అనుకుంటే ఉత్తరం రాస్తారు. మామూలుగా ఆ ఉత్తరం లేకుండా పెద్దాసుపత్రిలో మీ పేరు వరసలోకే ఎక్కదు.

కొత్తగా వచ్చినవారిలో చాలామంది జ్వరం వచ్చిన రోజునే జీపీ కోసం వెతకడం మొదలుపెడతారు. నమోదు పూర్తయ్యేసరికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే బ్యాంకు ఖాతా, సిమ్ కార్డుతో పాటు మొదటి వారంలోనే ఈ పని చేసేయండి. (కింద చెప్పేవి ఇంగ్లండ్ పద్ధతులు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో కొన్ని మారతాయి. అక్కడ మందుల చీటీకి రుసుమే లేదు.)

డబ్బు సంగతి ముందు తేల్చుకుందాం. వీసాతో పాటు మీరు కట్టిన ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌ఛార్జి ఈ సేవల కోసమే. 2024 ఫిబ్రవరి నుంచి అది పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకూ 18 ఏళ్లలోపు పిల్లలకూ 776. పదహారు నెలల వీసా ఉన్న ఎంఎస్ విద్యార్థి 1,164 కడతారు. ఇంత కట్టాక ‘నాకు హక్కుందో లేదో’ అని బెరుకు పడాల్సిన పని లేదు. హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా మీద వచ్చినవారికీ వాళ్ల కుటుంబానికీ ఈ సర్‌ఛార్జి లేదు, సేవలు మాత్రం అవే. సంతానం కోసం చేయించుకునే ఐవీఎఫ్ లాంటి చికిత్సలు ఇంగ్లండ్‌లో సర్‌ఛార్జి కట్టినవారికి ఉచితం కావు. ఆ ఆలోచనతో వచ్చే దంపతులు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

నమోదుకు మీ ఇంటి పోస్ట్‌కోడ్ పరిధిలోని సర్జరీని ఎంచుకోండి. సర్జరీ అంటే ఆపరేషన్ కాదు, జీపీ క్లినిక్కును ఇక్కడ అలాగే అంటారు. ఫారం ఆన్‌లైన్‌లో నింపవచ్చు, కాగితం మీదా ఇవ్వవచ్చు. చిరునామా రుజువు, వీసా కాగితం, ఎన్‌హెచ్‌ఎస్ నంబరు తప్పనిసరి కావు. రిసెప్షన్‌లో “కరెంటు బిల్లు తెస్తేనే” అంటే, రుజువు లేకపోయినా నమోదు చేయవచ్చన్నది ఎన్‌హెచ్‌ఎస్ నియమమేనని మర్యాదగా చెప్పండి. చేర్చుకోకపోతే కారణం రాతపూర్వకంగా ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది.

మనవాళ్లకు ఎదురయ్యే అసలు చిక్కు పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉండటం, యూనివర్సిటీలో ఒకలా సర్జరీలో ఇంకోలా రాయించడం మామూలే. దానివల్ల ఒకే మనిషికి రెండు రికార్డులు తయారవుతాయి, రక్తపరీక్ష ఫలితం ఒకదానిలో, ఆసుపత్రి ఉత్తరం ఇంకోదానిలో పడతాయి. పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలు, ఉన్న వరస, ప్రతిచోటా అదే రాయించండి. పది అంకెల ఎన్‌హెచ్‌ఎస్ నంబరు వచ్చాక దాన్ని ఫోన్‌లో దాచుకుని, ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో గుర్తింపు రుజువు చేసుకోండి. ఫలితాలు, మందుల చీటీలు, ఆసుపత్రి తేదీలు అందులోనే కనిపిస్తాయి. ఫలితం మామూలుగా ఉంటే చాలా సర్జరీలు ఫోన్ చేయవు, మీరే చూసుకోవాలి.

అపాయింట్‌మెంటుకు ఉదయం 8 గంటలకు ఫోన్ చేయడం పాత పద్ధతి. 2025 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ అభ్యర్థన ఫారం కూడా పనిదినాల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 6:30 దాకా తెరిచి ఉంచాలి. రిసెప్షనిస్టు సమస్య ఏమిటని అడిగితే చిరాకు పడకండి. మిమ్మల్ని డాక్టరు దగ్గరికి పంపాలా, నర్సు దగ్గరికా, ఫార్మసీకా అన్నది అక్కడే తేలుతుంది. “మూడు రోజులుగా 39 డిగ్రీల జ్వరం, నీళ్లు కూడా నిలవడం లేదు” అంటే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. “ఒంట్లో బాలేదు” అంటే రెండు వారాల తర్వాతి తేదీ ఇస్తారు. డాక్టరుతో మాట్లాడే సమయం సుమారు పది నిమిషాలు. మొదటి నిమిషంలోనే ముఖ్యమైన బాధ చెప్పాలి. మోకాలి గురించి తొమ్మిది నిమిషాలు మాట్లాడి, లేచేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టుంటోందని చెప్పేవాళ్లున్నారు. అలా చేయకండి.

మాట మారితే జబ్బే మారిపోతుంది

ఈ విషయం కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు ప్రమాదకరం. మన ఇంగ్లిషులో ‘షుగర్’, ‘బీపీ’, ‘లూజ్ మోషన్స్’ అన్నవి ఇక్కడి డాక్టరుకు మనం అనుకున్నట్టు అందవు. డయాబెటిస్, హై బ్లడ్ ప్రెషర్, డయేరియా అనండి. ‘గ్యాస్’ అంటే వాళ్లకు అపానవాయువు. మనం గ్యాస్ అనేది ఒక్కోసారి పుల్లటి తేన్పు, ఒక్కోసారి కడుపుబ్బరం, ఒక్కోసారి గుండె దగ్గర పట్టు. మూడోది గుండెపోటు కావచ్చు. గ్యాస్ అన్న మాట వదిలేసి ఎక్కడ, ఎంతసేపు, మెట్లెక్కితే పెరుగుతుందా, ఎడమ చేతికి పాకుతుందా అన్నవే చెప్పండి. ‘వేడి చేసింది’ అంటే నోటిపూతా, మూత్రంలో మంటా, కళ్లమంటా? ఏదైతే అదే చెప్పండి. ‘కళ్లు తిరిగాయి’ అంటే గది గిర్రున తిరిగినట్టా, కళ్లు చీకట్లు కమ్మి పడిపోబోయినట్టా? ఈ రెండింటికీ కారణాలు వేరు, పరీక్షలు వేరు.

ఇంగ్లిషు రాని అమ్మానాన్నల కోసం తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే చెప్పండి. దానికి డబ్బు లేదు. పదేళ్ల మనవడితో అమ్మమ్మ మూత్ర సమస్య చెప్పించకండి. ఆమె సగం దాచేస్తుంది, వాడికి సగం అర్థం కాదు.

ఇండియా రిపోర్టులు తెస్తే మంచిదే, కానీ కొలతలు వేరు. గ్లూకోజు ఇక్కడ మిల్లీమోల్స్‌లో ఉంటుంది, 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది: 7 అంటే 126. మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం ఇక్కడ 48, 7 శాతం 53, 8 శాతం 64. కొలెస్ట్రాల్‌ను 38.7తో గుణించాలి. క్రియాటినిన్‌ను 88.4తో భాగించాలి. ‘48 వచ్చింది, షుగర్ పడిపోయింది’ అని కంగారుపడి మాత్ర మానేయకూడదు. మరో సంగతి, దక్షిణాసియావారికి బరువు హద్దు తక్కువ. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 25 దాకా పరవాలేదనుకోకండి, మనకు 23 దగ్గరే ముప్పు మొదలవుతుంది, 27.5ను అధిక ముప్పుగా చూస్తారు.

మందులు

మందుల షాపులో అజిత్రోమైసిన్ అడిగి తెచ్చుకోవడం ఇక్కడ కుదరదు. అయితే 2024 జనవరి 31న మొదలైన ఫార్మసీ ఫస్ట్ వల్ల గొంతునొప్పి, సైనస్, పిల్లల చెవినొప్పి, పురుగుకాటుకు చీము, 16 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లకు మూత్రంలో మంట లాంటి ఏడు సమస్యలకు ఫార్మసిస్టే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇవ్వగలరు. జీపీ కోసం ఎదురుచూడక్కర్లేదు.

జీపీ రాసిన ప్రతి మందుకూ 9.90 పౌండ్లు. మూడు మందులుంటే 29.70. ఏడాదికి పదకొండు చీటీ మందులు దాటేవారికి 114.50 పౌండ్ల ప్రీపేమెంట్ సర్టిఫికెట్ లాభం. మూడు నెలలకైతే 32.05, నాలుగు మందులకే గిట్టుబాటవుతుంది. అంతకంటే ముందు చూడాల్సింది మినహాయింపు. థైరాయిడ్ తక్కువై రోజూ థైరాక్సిన్ వేసుకునేవారికి, డయాబెటిస్‌కు మందులు వాడేవారికి ఎఫ్‌పీ92ఏ అనే ఫారం మీద జీపీ సంతకం చేస్తే ఐదేళ్లపాటు అన్ని మందులూ ఉచితం, ఆ జబ్బు మందొక్కటే కాదు. మనవాళ్లలో ఈ రెండు జబ్బులూ ఎంత మామూలో మీకు తెలుసు. అయినా చాలామంది ఏళ్ల తరబడి డబ్బు కడుతూనే ఉంటారు. గర్భిణులకూ, కాన్పు అయ్యాక ఏడాది దాకానూ ఉచితమే. ఒకటి గుర్తుంచుకోండి, సర్టిఫికెట్ చేతికి రాకముందే చీటీ వెనక ‘ఉచితం’ అని టిక్కు పెడితే జరిమానా పడుతుంది.

ఇండియా నుంచి మూడు నెలల మందులు, డాక్టరు చీటీ తెచ్చుకోండి. బ్రాండు పేరు ఇక్కడ పనికిరాదు. థైరోనార్మ్ బదులు లీవోథైరాక్సిన్, గ్లైకోమెట్ బదులు మెట్‌ఫార్మిన్, టెల్మా బదులు టెల్మిసార్టాన్ అని రాసుకోండి. గ్లైకోమెట్ జీపీ (ఈ ‘జీపీ’ మాత్ర పేరులోదే) లాంటి జంట మాత్రలు ఇక్కడ దొరకవు, విడివిడిగా ఇస్తారు. ట్రమడాల్, అల్‌ప్రజోలామ్ లాంటివాటికి డాక్టరు లేఖ వెంట ఉండాలి. డోలో 650కి బదులు 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ దొరుకుతుంది. పెద్దలు 24 గంటల్లో ఎనిమిది మాత్రలు మించకూడదు. లెమ్‌సిప్ లాంటి జలుబు పొడుల్లోనూ అదే మందు ఉంటుంది, రెండూ కలిపి వేసుకుంటే కాలేయం దెబ్బతినవచ్చు.

ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే

ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, మూతి వంకరపోవడం, ఆగని రక్తస్రావం: వీటికి 999. మన 108 లాగే అంబులెన్సుకు డబ్బు లేదు. ఏం చేయాలో తెలియని రాత్రి 111కు ఫోన్ చేసి ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్’ అనండి. ఏ అండ్ ఈలో, అంటే అత్యవసర విభాగంలో, ముందొచ్చినవారిని ముందు చూడరు, ఎవరి ప్రాణానికి ముప్పెక్కువో వాళ్లనే చూస్తారు.

జీపీ ఉత్తరంతో స్పెషలిస్టు చికిత్స మొదలవడానికి 18 వారాలు గడువు అంటారు. ఏళ్లుగా అది చాలామందికి దాటిపోతోంది. క్యాన్సర్ అనుమానమైతే 28 రోజుల్లో అవునో కాదో తేల్చాలి. వరసలో ఉండగా బాధ పెరిగితే ఆసుపత్రికి కాదు, జీపీకి చెప్పండి, త్వరగా చూడమని మరో ఉత్తరం రాయగలరు. విద్యార్థులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే: ఇల్లు మారతారు, ఉత్తరం పాత చిరునామాకు పోతుంది, తేదీ తప్పుతుంది, ఆసుపత్రి పేరు కొట్టేసి జీపీకి తిప్పి పంపుతుంది. మళ్లీ మొదటి నుంచి. ఇల్లు మారిన రోజే జీపీకీ ఆసుపత్రికీ విడివిడిగా చెప్పండి.

గర్భం తెలియగానే జీపీ కోసం ఆగకుండా మిడ్‌వైఫ్ సేవకు నేరుగా రాసుకోవచ్చు. మొదటి సందర్శన పది వారాల్లోపు జరగాలి. స్కాన్‌లు 11-14 వారాలకూ, 18-21 వారాలకూ ఉంటాయి. తల్లిదండ్రులో, తాతయ్యో, అమ్మమ్మో, నానమ్మో భారతదేశంలో పుట్టినవారైతే బిడ్డకు బీసీజీ ఇస్తారు, అడిగి మరీ వేయించండి.

అమ్మానాన్నలు సందర్శక వీసా మీద వస్తే లెక్క వేరు. జీపీ చూడటానికి డబ్బు లేదు, ఏ అండ్ ఈలో చేర్చుకోకముందు చేసేదానికీ లేదు. చేర్చుకున్నాక ఎన్‌హెచ్‌ఎస్ ధరకు 150 శాతం బిల్లు వస్తుంది. 500 పౌండ్లు దాటిన బాకీ రెండు నెలలు తీర్చకపోతే హోం ఆఫీసుకు తెలుస్తుంది, తర్వాతి వీసా చిక్కుల్లో పడుతుంది. బీమా తీసుకునేటప్పుడు పాత బీపీ, షుగర్, స్టెంటు అన్నీ చెప్పండి. దాచిన జబ్బు కారణంగా క్లెయిమ్ పోతుంది.

మంచం పక్కన నిలబడిందెవరు?

పెద్దాసుపత్రులు చాలావరకు చదువు చెప్పే చోట్లు కూడా. మెడికల్ విద్యార్థి చూడాలంటే మీ అనుమతి అడగాలి. వద్దంటే మీ వైద్యానికి ఏ లోటూ రాదు. ఎఫ్1, ఎఫ్2 అంటే డిగ్రీ అయ్యాక మొదటి రెండేళ్ల డాక్టర్లు. రిజిస్ట్రార్ అంటే స్పెషలిస్టు కావడానికి కొన్నేళ్లుగా శిక్షణలో ఉన్నవారు, రాత్రిపూట పెద్ద నిర్ణయాలు ఎక్కువగా వాళ్లవే. కన్సల్టెంటు పైన ఉంటారు. ఫిజీషియన్ అసోసియేట్ డాక్టరు కారు. ఎవరైనా సరే “మీ పేరేమిటి, మీ హోదా ఏమిటి” అని అడగడం ఇక్కడ మర్యాదే.

జబ్బు పేరు ముందు రోగికే చెబుతారు. రోగి ఒప్పుకోకుండా కొడుక్కు కూడా చెప్పరు. నాన్నకు క్యాన్సర్ అని చెప్పకండి అని బతిమాలితే కుదరదు. రోగి పరిస్థితి దిగజారుతోంది, వార్డులో పట్టించుకోవడం లేదని మీకనిపిస్తే మార్తా నియమం కింద వేరే బృందం వచ్చి చూడాలని కోరవచ్చు. 2021లో చనిపోయిన 13 ఏళ్ల మార్తా మిల్స్ పేరు మీద వచ్చిన హక్కు అది. వార్డు గోడ మీద ఫోన్ నంబరు ఉంటుంది. మామూలు ఫిర్యాదులకు ‘పాల్స్’ కార్యాలయం ఉంది.

డాక్టర్లుగా వచ్చేవారికి

ఎన్‌టీఆర్ లేదా కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎంబీబీఎస్‌తో వచ్చేవారికి మామూలు దారి ప్లాబ్ అనే రెండు భాగాల పరీక్ష. మొదటి పరీక్ష మూడు గంటల్లో 180 ప్రశ్నలు. రెండోది మాంచెస్టర్‌లో, 16 స్టేషన్లు (రోగిని చూస్తున్నట్టే సాగే చిన్న పరీక్షలు), ఒక్కోటి ఎనిమిది నిమిషాలు. ఇంగ్లిషు పరీక్షల్లో ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 7.5, ఏ విభాగంలోనూ 7కు తగ్గకుండా, లేదా ఓఈటీలో అన్నింటా బి రావాలి. డిగ్రీ సర్టిఫికెట్‌లో ‘కె. వెంకట’ అనీ పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు అనీ ఉంటే ధ్రువీకరణ నెలల తరబడి ఆగుతుంది, ఇండియాలో ఉండగానే సరిచేయించుకోండి. డాక్టరుగా మీ మీద మచ్చ లేదని మెడికల్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ మూడు నెలలకే పనికొస్తుంది, కాబట్టి దాన్ని అన్నిటికంటే చివర తీసుకోండి.

ఒక సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. ప్లాబ్ పాసైతే ఇక్కడి డాక్టర్ల మండలి జీఎంసీ రిజిస్ట్రేషన్ వస్తుంది, ఉద్యోగం రాదు. 2025లో సుమారు 10 వేల శిక్షణ స్థానాలకు 30 వేలమందికి పైగా పోటీ పడ్డారు. ఇక్కడి గ్రాడ్యుయేట్లకు ముందు అవకాశమిస్తామని అదే ఏడాది జూలైలో ప్రభుత్వం ప్రకటించింది. అప్పు చేసి రావాలనుకునేవారు టికెట్టు కొనకముందే ఈ లెక్క చూసుకోవాలి.

మొదటి ఉద్యోగం చాలామందికి శిక్షణలో లెక్కకురాని క్లినికల్ ఫెలో పోస్టు. మీరు స్పెషలిస్టు శిక్షణకు సిద్ధమని కన్సల్టెంటు ధ్రువీకరించే క్రెస్ట్ ఫారాన్ని చేరిన వారంలోనే తెరిచి చదవండి. సంతకం చేసే కన్సల్టెంటు కింద వరసగా మూడు నెలలైనా పనిచేసి ఉండాలి, ఒక్క నైపుణ్యం టిక్కు లేకపోయినా దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. వార్డులో ‘సర్’ అక్కర్లేదు. ఇన్సులిన్ రాసేటప్పుడు ‘యు’ అని కాదు, ‘యూనిట్స్’ అని పూర్తిగా రాయాలి, ‘మైక్రోగ్రామ్స్’ కూడా అంతే. రోగి పరిస్థితి ఎంత విషమించిందో చూపే న్యూస్2 స్కోరు 7 చేరితే రాత్రి రెండైనా రిజిస్ట్రార్‌ను పిలవండి: పరిస్థితి, నేపథ్యం, మీ అంచనా, మీకు కావలసింది, ఈ వరసలో చెప్పండి. మాట్లాడిన సమయం, వాళ్లు ఏమన్నారో అప్పుడే నోట్స్‌లో రాయండి.