ఫోన్‌లో తెలుగు పుస్తకం: దొరకనప్పుడు, తెరుచుకోనప్పుడు, చదవలేనప్పుడు ఏం చేయాలి?

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు సురవరం ప్రతాపరెడ్డి పేరు తెలియకుండా ఉండదు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారని, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని టకటకా చెప్పేస్తారు. అసలు పుస్తకం మాత్రం చాలామంది తెరిచి చూడరు. ఉచితంగా ఫోన్‌లోకే వచ్చే పుస్తకం అది! చదవాలని ఉన్నా మొదటి పది నిమిషాల్లోనే ఏదో ఒకటి అడ్డం పడి వదిలేస్తున్నారు. ఆ అడ్డంకులు తీసేయడం పెద్ద పనేమీ కాదు.

సమస్య: పేరు కొట్టి వెతికితే ఏమీ రావడం లేదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. పుస్తకం లేదనుకుంటారు. చాలాసార్లు పుస్తకం ఉంటుంది, పేరే మనం కొట్టినట్టు ఉండదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రాజెక్టు కింద స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీలో ఉన్నాయి. వాటి పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు, అదీ తలో స్పెల్లింగ్‌తో. ‘ఆంధ్రుల’ అన్న మాటకు ఒకచోట మొదట్లో ఒక ‘ఏ’ ఉంటుంది, ఇంకోచోట రెండు. ‘ప్రతాప’లో ‘త’కు కొందరు ‘టీ’ ఒక్కటే పెడితే కొందరు ‘టీహెచ్’ పెడతారు. కొన్నిచోట్ల పుస్తకం పేరులోని మూడు మాటలూ కలిపి ఒకే మాటగా రాసేశారు.

అందుకే పేరు మొత్తం కొట్టకండి. ముందు రచయిత ఇంటిపేరు ఒక్కటే ఇంగ్లీషులో కొట్టి, పక్కనున్న ఫిల్టర్లలో ‘టెక్స్ట్స్’, భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. రాకపోతే పుస్తకం పేరులో స్పెల్లింగ్ మారడానికి వీల్లేని ముక్క తీసుకుని చివర స్టార్ గుర్తు (*) పెట్టండి. ఆ తర్వాత తెలుగు లిపిలో కూడా ఒకసారి కొట్టాలి, ఈమధ్య ఎక్కించినవాటిలో కొన్నిటికి తెలుగు పేర్లే ఉన్నాయి. ‘చరిత్ర’ రాకపోతే ‘చరిత్రము’ అని చూడండి, పాత పుస్తకాల్లో ‘ము’ వదలరు. తెలుగు వికీసోర్స్‌ను అస్సలు మరవకండి. అక్కడ పుస్తకాలను మనుషులు అక్షరం అక్షరం సరిదిద్ది పెడుతున్నారు. ఫోన్‌లో చదవడానికి అంతకన్నా హాయిగా ఉండేది లేదు.

సమస్య: డౌన్‌లోడ్ చేస్తే అంతా పిచ్చి అక్షరాలు

ఆర్కైవ్‌లో ఒకే పుస్తకానికి నాలుగైదు రకాల ఫైళ్లుంటాయి. సైజు తక్కువుందని ఈపబ్ (పేజీ బొమ్మలు కాకుండా అక్షరాలే ఉండే ఈ-పుస్తకం ఫైలు) దించుకుంటే ఇలా అవుతుంది. అది మనిషి టైపు చేసింది కాదు, స్కాన్ బొమ్మను చూసి మెషీన్ తయారుచేసింది. పాత తెలుగు అచ్చును అది సరిగ్గా చదవలేదు. పీడీఎఫ్ దించుకోండి. ఈపబ్ కావాలంటే వికీసోర్స్ నుంచే తీసుకోండి.

సమస్య: పీడీఎఫ్ తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి

స్కాన్ చేసిన పేజీ చుట్టూ తెల్లటి ఖాళీ చాలా ఉంటుంది. రీడ్‌ఎరా, లిబ్రెరా లాంటి యాప్‌లలో మార్జిన్లు కత్తిరించే ఆప్షన్ ఉంది. అది పెట్టి ఫోన్ అడ్డంగా తిప్పితే సరిపోతుంది.

సమస్య: చదివి వినిపించమంటే ఫోన్ నోరు మెదపడం లేదు, లేదా ఏదో గొణుగుతోంది

చూపు ఆనని అవ్వకు, తాతకు పుస్తకం వినిపించాలనుకునేవాళ్లకు ఇది పెద్ద బాధ. దీనికి కారణాలు మూడు. వాటిలో ఏది కారణమో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది: పేజీలో ఒక మాట మీద వేలు నొక్కిపట్టండి.

మాట సెలెక్ట్ కాకపోతే అది అక్షరం కాదు, బొమ్మ. కావాల్సిన కొన్ని పేజీలు విడిగా తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో గానీ బ్రౌజర్ డెస్క్‌టాప్ మోడ్‌లో గానీ గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద అక్షరాలు వస్తాయి. తప్పులుంటాయి కాబట్టి ఒకసారి సరిచూసుకోండి.

మాట సెలెక్ట్ అయితే కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. చెత్త గుర్తులు పడ్డాయంటే ఆ పుస్తకం చాలావరకు అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో, అంటే ప్రెస్సులవాళ్లు వాడే పాతకాలపు కంప్యూటర్ అక్షరాల్లో కంపోజ్ చేసింది. కంటికి తెలుగే కనిపిస్తుంది గానీ ఫోన్ లెక్కలో అది తెలుగు కాదు. పేజీని స్క్రీన్‌షాట్ తీసి, పైన చెప్పిన డ్రైవ్ పద్ధతే వాడండి.

తెలుగు శుభ్రంగా పడితే పుస్తకంలో తప్పేమీ లేదు, ఫోన్‌లో తెలుగు గొంతు లేదు. సెట్టింగ్స్‌లో ‘టెక్స్ట్ టు స్పీచ్’ అని వెతికి, గూగుల్ ఇంజన్ ఎంచుకుని తెలుగు వాయిస్ దించుకోండి.

నాలుగు పేజీలు చదివి, స్క్రీన్ ఆరగానే ఆగిపోతోందా? బ్యాటరీ సేవర్ పని అది. యాప్ ఇన్ఫోలో బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి.

సమస్య: బస్సులో పుస్తకం తెరుచుకోవడం లేదు

మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డెక్కితే అడవిలో సిగ్నల్ నమ్ముకోలేం. పుస్తకం యాప్‌లో కనిపిస్తోందంటే ఫోన్‌లో ఉన్నట్టు కాదు. ఇంటి దగ్గరే దించుకుని, ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఒకసారి తెరిచి చూసి బయలుదేరండి.

సమస్య: కొత్త రచయితల పుస్తకాలు ఉచితంగా ఎక్కడా లేవు

ఉండకూడదు కూడా. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల వరకు హక్కులు వారసులవే. ప్రతాపరెడ్డి 1953లో పోయారు, అంటే 2014 నుంచి ఆయన రచనలు అందరివీ. నకిరేకల్ దగ్గరి మాధవరంలో పుట్టిన రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో పోయారు, ఆయన రచనలు 2022 నుంచి. ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మిన మనిషి ఆయన. బతికున్న రచయితల పుస్తకాలను టెలిగ్రామ్ గ్రూపుల్లో దొంగ పీడీఎఫ్‌లుగా పంచుకోవడం వాళ్ల నోటి దగ్గరి కూడు లాక్కోవడమే. కొనే స్తోమత లేకపోతే జిల్లా గ్రంథాలయానికి వెళ్లి ఆ పుస్తకం తెప్పించమని అడగండి. పిల్లల కోసమైతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితంగా ఉన్నాయి, దించుకుని మీ వీధి పిల్లలకూ పంపొచ్చు.