ఫ్రెంచ్‌లో "చేసుండేవాణ్ణి" అనాలంటే

తెలుగులో "చదివుంటే పాసయ్యేవాణ్ణి" అంటాం కదా, అదే ఫ్రెంచ్‌లో కాందిసియొనెల్ పాసే. తయారీ సింపుల్, సహాయక క్రియలైన అవ్వార్ (కలిగి ఉండటం) లేదా ఎత్ర్ (ఉండటం)ని కండిషనల్ రూపంలో పెట్టి పక్కన పాస్ట్ పార్టిసిపుల్ (ఇంగ్లీష్‌లో eaten, gone లాంటి రూపం) తగిలించడమే: జొరే మాంజే (తినుండేవాణ్ణి), జ స్రే ఆలే (వెళ్ళుండేవాణ్ణి). ఎత్ర్ వాడితే చెప్పేది అమ్మాయైతే రాతలో చివర ఇంకో 'ఇ' చేరుద్ది, ఆలే లాంటివాటిలో పలకడంలో మాత్రం తేడా ఉండదు.

అందరూ బోర్లాపడేది 'సి' (ఒకవేళ అయితే అనే మాట) దగ్గరే, నేనూ చాన్నాళ్ళు "సి జొరే" అని రాసి ఎర్రగీతలు తిన్నా, 'సి' పక్కన ప్లూ-క-పార్ఫే (ఇంగ్లీష్‌లో had studied లాంటి టెన్స్) రావాలి, కండిషనల్ రెండో ముక్కలోనే: సి జావే ఎత్యుదియే, జొరే రెయుసి (చదివుంటే పాసయ్యేవాణ్ణి).

'సి' లేకుండా కూడా వాడతారు, జొరే ద్యు అంటే "చేసుండాల్సింది" అని బాధపడటం. న్యూస్‌లో ఐతే "ల మినిస్త్ర్ ఒరే దెమిసియొనే", అంటే మంత్రి రాజీనామా చేశారట, ఆ "ట" మొత్తం ఈ టెన్స్‌లోనే ఉంది.