చిన్న ట్రాక్టరు మూలలో తిరగకపోతే: జంట బ్రేకుల చిక్కులు

సార్వాకో దాళ్వాకో దమ్ము మొదలైతే చాలు, ఈ ఫిర్యాదు వినపడుతుంది: "స్టీరింగు పూర్తిగా తిప్పినా బండి గట్టు మీదికే పోతోంది." వెనక తగిలించిన రోటవేటరును (తిరిగే బ్లేళ్లతో మట్టిని కలియదున్నే పరికరం) పైకి లేపగానే బరువంతా వెనక్కి పడి, ముందు చక్రాలు తేలికవుతాయి. బురదలో అవి పక్కకు జారుతాయే కానీ బండిని తిప్పలేవు. వెనక చక్రాలకు చెరొక బ్రేకు పెడలు ఇచ్చింది ఇందుకే. ఎడమకు తిరగాలంటే ఎడమ పెడలు తొక్కాలి. ఆ చక్రం ఆగితే, రెండు వెనక చక్రాలకూ కదలికను పంచే డిఫరెన్షియల్ దాన్నంతా కుడి చక్రానికి పంపుతుంది.

ఒక పెడలు తొక్కినా బండి తిరగడం లేదు

ముందు రెండు పెడళ్లనూ కలిపే గొళ్లెం చూడండి. అది పడి ఉంటే రెండు చక్రాలూ ఆగుతాయి. గొళ్లెం తీసే ఉందా? అయితే రెండు చక్రాలూ కలిసే తిరిగేలా బిగించే డిఫరెన్షియల్ లాక్ వదిలిందో లేదో చూడండి. అది పట్టి ఉండగా ఒక చక్రాన్ని ఆపబోతే రెండోదీ ఆగుతుంది, లోపలి పళ్ల మీద భారం పడుతుంది. బురదలో కూరుకున్నప్పుడు లాక్ వేసి, తర్వాత వదలడం మరిచేవాళ్లు చాలామంది.

తిరుగుతోంది, కానీ మూలలో గుంట పడుతోంది

ఇది యంత్రం తప్పు కాదు, కాలి తప్పు. బ్రేకును బిగబట్టి తొక్కితే ఆగిన చక్రం ఒకేచోట మెలితిరిగి నేలను తోడేస్తుంది. ఇనుప దమ్ము చక్రాలుంటే మరీ లోతుగా. నాట్ల రోజున ఆ మూలకు వచ్చిన కూలీ మనిషి మోకాలి దాకా దిగబడి, నారుకట్ట చేతిలోనే ఉండగా డ్రైవరును తలుచుకుంటుంది. రోటవేటరు పూర్తిగా లేపి, వేగం తగ్గించి, పెడలును నొక్కి వదులుతూ తిప్పండి. చక్రం పూర్తిగా ఆగకుండా మెల్లగా పాకుతూ ఉండాలి.

హైడ్రోస్టాటిక్ బండి కీచుమంటోంది, లాగడం లేదు

గేర్ల బండి అలవాటుతో వచ్చే చిక్కు ఇది. ఇందులో ఇంజను తిప్పే పంపు నూనెను ఒత్తిడితో మోటారుకు పంపితే, ఆ మోటారు చక్రాలను తిప్పుతుంది. ఒక చక్రానికి బ్రేకు వేసి, బండి మొరాయించిందని వేగం పెడలు ఇంకా తొక్కుతారు. కానీ ఆ పెడలు ఎంత లోతుకు తొక్కితే వేగం అంత పెరుగుతుంది, లాగే బలం అంత తగ్గుతుంది. ఒత్తిడి హద్దు దాటగానే, నూనెను పక్కకు మళ్లించే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. ఆ కీచుశబ్దం దానిదే. నూనె వేడెక్కడం తప్ప చక్రానికి అందేదేమీ ఉండదు. లో రేంజిలో (వేగం తక్కువ, బలం ఎక్కువ ఉండే గేరులో) పెట్టి, ఇంజను వేగం పెంచి, వేగం పెడలును తేల్చండి. శబ్దం ఆగిన చోట బలం ఉంటుంది.

కొన్ని బండ్లలో బ్రేకులు ఎడమ కాలి కింద, వేగం పెడలు కుడి కాలి కింద ఉంటాయి. వాటితో హాయి. రెండూ కుడి పక్కనే ఉంటే ఒక్క కాలితో రెండు పనులూ జరగవు. కోనసీమ కొబ్బరి తోటల్లో అంతరపంటగా కోకో ఉన్న చోట నేనైతే బ్రేకు జోలికి పోను. కాస్త వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు తిప్పుకుంటాను. గేరు మార్చకుండా ముందుకూ వెనక్కూ పోగలగడమే ఈ బండి గొప్ప.

బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతోంది

నాకు ఇది కాలువ గట్టు మీద తెలిసింది. పొలంలో తీసిన గొళ్లెం మళ్లీ పెట్టలేదు. ఎదురుగా గేదె వస్తే బ్రేకు తొక్కాను. పాదం కుడి పెడలు మీదే పడింది. బండి గిర్రున కుడికి తిరిగి, నీటికి మూరెడు దూరంలో కొబ్బరి మొదలుకు ఆనుకుని ఆగింది.

గొళ్లెం ఉన్నా లాగుతుంటే పెడళ్ల ఖాళీ కదలిక (బ్రేకు పట్టేలోపు పెడలు వట్టిగా దిగే దూరం) రెండు వైపులా సమానంగా లేదన్నమాట. బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన కొలతకు రెండు బ్రేకు రాడ్లనూ సరిచేసి, లాక్ నట్లు బిగించండి. అయినా తేడా ఉంటే పెడళ్ల ఇరుసు చూడండి. దమ్ము బురద అక్కడ ఎండి గడ్డకడితే పెడలు పూర్తిగా పైకి రాదు, ఆ వైపు బ్రేకు రాసుకుంటూనే ఉంటుంది. కాసేపు నడిపి ఆపాక ఒక పక్క బ్రేకు దగ్గర ఎక్కువ వేడి తగిలితే కారణం అదే. కడిగి గ్రీజు పెట్టాలి. బురద కాదు, లోపలి సీలు కారుతోందనిపిస్తే మెకానిక్కుకు అప్పగించండి.

రోడ్డెక్కే ముందు గొళ్లెం పెట్టి, ఎడమ పెడలు ఒక్కదాన్నే తొక్కి చూడండి. కుడిది కూడా దానితోపాటు దిగాలి.