పెరడు బాగుచేయించాలంటే పనివాళ్లను ఎలా పెట్టుకోవాలి?

మా పెరట్లో గచ్చు వేయించాం, కింద గొట్టాలు వేయించాం, దీపాలు పెట్టించాం. ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు. మొదటి గట్టి వానకే నీళ్లన్నీ వచ్చి ఇంటి గోడ మొదట్లో నిలిచాయి. మేస్త్రీని అడిగితే, "నీళ్లు పోయే జాలీ ఎత్తులో ఉందండీ, నేనేం చేయను?" అన్నాడు. ప్లంబరేమో, "గచ్చు ఎంత ఎత్తుకొస్తుందో నాకెవరూ చెప్పలేదండీ" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. ఆ రెండు పనులూ కలిసే చోటును మేం ఎవరికీ అప్పగించలేదు.

అందుకే ఎవరిని పిలవాలా అని ఆలోచించే ముందు, మీ పనులు ఒకదానితో ఒకటి ఎన్నిచోట్ల కలుస్తాయో లెక్కపెట్టుకోండి. పనివాళ్లను ఎలా పెట్టుకోవాలో ఆ లెక్కే చెబుతుంది.

1. పనుల వరస రాయండి

పాతవి తీసేయడం, నేల చదును చేయడం, నీళ్ల గొట్టాలు, కరెంటు తీగల గొట్టాలు, గోడలు, గచ్చు, మట్టి నింపడం, చివరికి మొక్కలు. భూమిలోకి పోయేదేదైనా గచ్చుకన్నా ముందే పోవాలి. ఇప్పుడు అవసరం లేకపోయినా గచ్చు కింద ఒక ఖాళీ గొట్టం వేయించుకోండి, రేపు దీపమో మోటారో కావాలంటే పగలగొట్టక్కర్లేదు. ప్రతి రెండు పనుల మధ్యా ఒక గీత గీసి, అక్కడ ఎవరు ఎవరికి ఏం అప్పగించాలో రాయండి.

2. ఒక్కరికే ఇవ్వాలా, విడివిడిగానా?

మొక్కలు, కంచె, రంగు లాంటివైతే విడివిడిగా పిలుచుకోవచ్చు. ఒకరి తప్పు ఇంకొకరి పనిని పాడుచేయదు. డబ్బూ కలిసొస్తుంది. కాకపోతే పొద్దున్నే పనివాళ్లు వచ్చే వేళకు మీరు అక్కడ ఉండగలగాలి. ఒకరు ఆలస్యమైతే మిగతావాళ్లను వెనక్కి జరపాల్సింది కూడా మీరే.

నీటి వాటం, మట్టిని ఆపే గోడ, కరెంటు, గచ్చు అన్నీ ఉంటే మొత్తం ఒక్కరికే ఇవ్వండి. ధర ఎక్కువే అవుతుంది. ఆ ఎక్కువ డబ్బుతో మీరు కొనుక్కునేది, తేడా వస్తే నిలబడి జవాబు చెప్పే ఒక మనిషిని. ఎత్తయిన గోడైతే ఇంజినీరు గీసిన డ్రాయింగ్ లేకుండా మొదలుపెట్టకండి. అనుమతులు ఎవరు తేవాలో కూడా ముందే తేల్చుకోండి.

నాకు నచ్చేది మధ్య దారి: తవ్వకం నుంచి గచ్చు దాకా ఒకరికి, ఆ పైన కనిపించేవన్నీ విడిగా.

3. లెక్క ఎలా కట్టాలి?

తవ్వితే ఏం బయటపడుతుందో తెలియని పనికి రోజు కూలీ, గచ్చుకు కొలత లెక్క, గీత గీసి పక్కాగా చెప్పగలిగిన గోడకు గుత్త. బండలు మీరే ఎంచుకుని కొనండి, కోతల్లో పోయేదానికి పదో వంతు ఎక్కువ తీసుకోండి. సిమెంటు, ఇసుక మాత్రం పనిచేసేవాళ్లనే తెమ్మనండి. లేదంటే రేపు పగుళ్లొస్తే "మీ సిమెంటేనండీ" అంటారు.

4. ధర అడిగే ముగ్గురికీ ఒకే కాగితం ఇవ్వండి

"గచ్చు వేయాలి" అని చెబితే ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు ధర చెబుతారు. ఇలా రాయండి: ఇంటి నుంచి బయటికి మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు. నింపే మట్టిని 15 సెంటీమీటర్ల మందాన పోసిన ప్రతిసారీ దిమ్మిస కొట్టి గట్టిపరచాలి. తవ్విన మట్టిని వాళ్లే తీసుకెళ్లాలి. కాంక్రీటును కనీసం 7 రోజులు తడపాలి, తడిపేది ఎవరో పేరుతో సహా ఉండాలి. చాలాచోట్ల ఈ తడపడమే ఎవరి పనీ కాకుండా పోతుంది.

అందరికన్నా తక్కువ చెప్పినవాళ్లను, "ఇందులో ఏవేవి లేవు?" అని అడగండి. వాళ్లు చేసిన పని చూడాలనుకుంటే నిన్నమొన్నటిది కాదు, ఒక వానాకాలం గడిచినది చూడండి. దిమ్మిస సరిగా కొట్టని చోట గచ్చు అప్పటికి కుంగుతుంది.

5. డబ్బు పనితో పాటే నడవాలి

బయానా కొద్దిగానే ఇచ్చి, మిగతాది తవ్వకం, గొట్టాలు, గచ్చు అని దశలుగా ముడిపెట్టండి. మధ్యలో మార్పు వస్తే, ధరతో సహా కాగితం మీదకు ఎక్కాకే పని మొదలవ్వాలి. గుంత పూడ్చే ముందు గోడ నుంచి గొట్టం దాకా టేపు పరిచి ఫొటో తీయండి. గచ్చు పూర్తయ్యాక గొట్టంతో నీళ్లు వదిలి పావుగంట ఆగండి. జాలీ వైపు పారుతున్నాయా, ఎక్కడైనా మడుగు కడుతున్నాయా చూడండి. మొత్తంలో పదో వంతు మొదటి పెద్ద వాన వెలిసే దాకా మీ దగ్గరే ఉంచుకోండి, ఆ మాట ఒప్పందంలో ముందే ఉండాలి.